చూపు లేనివాళ్లకు స్మార్ట్‌ఫోన్‌ను సులువు చేయడం ఎలా? మొదటి రోజు నుంచి పూర్తి మార్గదర్శి

చూపు లేని మనిషికి స్మార్ట్‌ఫోన్ రాగానే ఇంట్లోవాళ్లు ముందుగా వెతికేది "ఏదైనా సింపుల్ యాప్ ఉందా" అని. ఉన్నాయి, బాగా పనికొచ్చేవే ఉన్నాయి. కానీ వరుసలో వాటి వంతు మూడోది. ముందు ఫోన్ మాట్లాడాలి. అంటే స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ అయి, వినేవాళ్లకు అర్థమయ్యే భాషలో, అందుకోగలిగిన వేగంలో పలకాలి. తర్వాత హోమ్ స్క్రీన్ కుదురుకోవాలి. ఆ రెండూ అయ్యాకే యాప్‌లు. ఈ వరుస తప్పితే ఎంత మంచి యాప్ వేసినా కొద్దిరోజుల్లోనే ఫోన్ సొరుగులోకి చేరుతుంది.

చెవితో, వేలితో ఫోన్ వాడే మనిషికి సులువు అంటే ఏమిటి? పెద్ద పెద్ద బొమ్మలు, నాలుగే నాలుగు బటన్లు అని చూపున్నవాళ్లు అనుకుంటారు. నేర్పేటప్పుడు నాకు కనిపించిన సంగతి వేరు. ఇవాళ ఎక్కడ ఉన్న బటన్ రేపూ అక్కడే ఉండాలి. ఇవాళ ఏ సైగకు ఏ పని జరిగిందో రేపూ అదే జరగాలి. బటన్లు నాలుగున్నా నలభై ఉన్నా, కదలకుండా ఉంటే చెయ్యి వాటిని గుర్తుపెట్టుకుంటుంది. కింద చెప్పినవన్నీ ఆ ఒక్క దాని కోసమే.

ముందు చూపు ఎంత ఉందో తేల్చుకోండి

దృష్టి లోపం అంటే అందరికీ పూర్తి చీకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దగ్గరి చూపులోనో దూరపు చూపులోనో లోపం ఉన్నవాళ్లు కనీసం 220 కోట్ల మంది. వాళ్లలో పూర్తిగా చూపు లేనివాళ్లు కొద్ది భాగమే. మిగతావాళ్లకు ఎంతో కొంత కనిపిస్తుంది, కానీ అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

గ్లాకోమా అనే కంటి జబ్బు ముదిరినవాళ్లకు చుట్టుపక్కల చూపు పోయి మధ్యలో కొంత మిగులుతుంది. వీళ్లకు అక్షరాలు మరీ పెద్దవి చేస్తే మిగిలిన ఆ కాస్త చూపులో రెండు అక్షరాలే పడతాయి, చదవడం ఇంకా కష్టమవుతుంది. మాక్యులర్ డీజెనరేషన్ అనే జబ్బులో తిరగబడి మధ్య చూపు పోతుంది, వీళ్లకు పెద్ద అక్షరాలు నిజంగా పనికొస్తాయి. కంటిలో శుక్లం ఉన్నవాళ్లకు తెల్లటి స్క్రీన్ వెలుగు కళ్లలో గుచ్చినట్టుంటుంది, నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెడితే హాయిగా ఉంటుంది. అందుకే "అక్షరాలు పెద్దవి చేసేశాం, సరిపోతుందిలే" అని వదిలేయకండి. ఆ మనిషినే కూర్చోబెట్టి, ఏ సైజు బాగుందో, ఏ రంగు బాగుందో వాళ్లనే చెప్పనివ్వండి.

ఒక గుర్తు చెబుతాను. పెద్ద అక్షరాలతోనైనా సరే, పది నిమిషాలు చదివేసరికి తలనొప్పి వస్తోందంటే స్క్రీన్ రీడర్ నేర్చుకునే సమయం వచ్చేసినట్టే. చూపు ఇంకా తగ్గుతుందని డాక్టర్లు చెప్పినవాళ్లయితే కొంత కనిపిస్తుండగానే మొదలుపెట్టడం చాలా మేలు. ఇప్పుడు కంటితో సరిచూసుకుంటూ నేర్చుకున్న సైగలు తర్వాత చేతికి వాటంతట అవే వస్తాయి.

ఫోన్ చేత మాట్లాడించడం

ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ రీడర్ పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. రెండూ ఫోన్‌తోపాటే వస్తాయి, కొనక్కర్లేదు. రెండూ జనానికి అందింది 2009లోనే. వాయిస్‌ఓవర్ ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. అప్పటిదాకా నున్నటి గాజు పలక మీద చూపు లేనివాళ్లు ఏం చేయగలరని అందరూ అనుకునేవాళ్లు.

ఆ రోజుల్లోనే గూగుల్‌లో పనిచేస్తున్న టి.వి. రామన్, చార్లెస్ చెన్ ఆండ్రాయిడ్ కోసం ఒక డయలర్ చేశారు. రామన్ స్వయంగా చూపు లేని శాస్త్రవేత్త. ఆ డయలర్‌లో స్క్రీన్ మీద వేలు మొదట ఎక్కడ పడితే అదే 5. అక్కణ్నుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8, పక్కలకు 4, 6. అంకె ఎక్కడుందో వేలు వెతుక్కోనక్కర్లేదు, అంకెలే వేలి చుట్టూ వచ్చి నిలబడతాయి. చూపు లేనివాళ్ల కోసం ఏది తయారుచేసినా ఇలా ఆలోచించి చేయాలని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, టాక్‌బ్యాక్ ఆన్ చేయాలి. ఆగండి, ఆన్ చేసే ముందు అక్కడే ఉన్న షార్ట్‌కట్‌ను సెట్ చేయండి. రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టుకుంటే టాక్‌బ్యాక్ ఆన్ అవ్వాలి, మళ్లీ నొక్కితే ఆఫ్ అవ్వాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, వాయిస్‌ఓవర్. యాక్సెసిబిలిటీ పేజీ అడుగున ఉండే షార్ట్‌కట్‌లో వాయిస్‌ఓవర్‌ను ఎంచుకుంటే పక్క బటన్ (హోమ్ బటన్ ఉన్న ఐఫోన్లలో ఆ హోమ్ బటన్) మూడుసార్లు నొక్కితే చాలు. "వాయిస్‌ఓవర్ ఆన్ చెయ్" అని ఐఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్ సిరికి ఇంగ్లిష్‌లో చెప్పినా చేస్తుంది. కొత్త ఫోన్‌ను మొట్టమొదట ఆన్ చేసినప్పుడు కూడా ఈ బటన్ల పద్ధతే పనిచేస్తుంది, అంటే చూపు లేని మనిషి ఎవరి సాయమూ లేకుండా తన ఫోన్ తనే మొదలుపెట్టుకోవచ్చు.

షార్ట్‌కట్ ముందే పెట్టుకోమనడానికి కారణం ఉంది. స్క్రీన్ రీడర్ ఆన్ కాగానే తాకే పద్ధతి మారిపోతుంది. ఒకసారి తాకితే ఏదీ తెరుచుకోదు, అక్కడేముందో చదువుతుంది అంతే. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. ఈ సంగతి తెలియని ఇంట్లోవాళ్లు ఫోన్ పాడైపోయిందని టెన్షన్ పడి రీస్టార్ట్ చేస్తుంటారు. రీస్టార్ట్ చేసినా టాక్‌బ్యాక్ పోదు, పోకూడదు కూడా.

గొంతు, భాష, వేగం

చాలామంది ఈ పనిని పైపైన కానిచ్చేస్తారు. నేనైతే మొదటి రోజంతా దీని మీదే పెట్టమంటాను. రోజంతా వినాల్సిన గొంతు నచ్చకపోతే, అర్థం కాకపోతే మిగతాదంతా వృథా.

ఆండ్రాయిడ్‌లో రాతను మాటగా మార్చే టెక్స్ట్-టు-స్పీచ్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఇంజిన్‌ను ఎంచుకుని, తెలుగు వాయిస్ డేటాను డౌన్‌లోడ్ చేయండి. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేనప్పుడు కూడా ఫోన్ అదే గొంతుతో మాట్లాడుతుంది. ఈస్పీక్ అనే ఉచిత ఇంజిన్ కూడా తెలుగు చదువుతుంది. గొంతు యంత్రంలా ఉంటుంది కానీ వేలు తాకీ తాకకముందే పలుకుతుంది. అలవాటు పడ్డవాళ్లు వేగం కోసం ఇలాంటి గొంతునే కోరుకుంటారు, కొత్తవాళ్లకు మాత్రం మనిషి గొంతుకు దగ్గరగా ఉండేదే మంచిది. ఐఫోన్‌లోనూ ఇటీవలి ఐఓఎస్‌లలో తెలుగు గొంతు ఉంది.

ఫోన్ మెనూలు ఇంగ్లిష్‌లో, మెసేజ్‌లు తెలుగులో ఉండే మనుషులే ఎక్కువ. ఇంగ్లిష్ గొంతు పెడితే తెలుగు మెసేజ్ దగ్గరికి రాగానే కొన్ని గొంతులు మౌనంగా దాటేస్తాయి, వినేవాళ్లు అక్కడ ఏమీ లేదనుకుంటారు. తెలుగు గొంతు పెడితే ఇంగ్లిష్ పదాలు కాస్త యాసగా వచ్చినా రెండూ వినిపిస్తాయి. ఇంగ్లిష్ బాగా వాడేవాళ్లు కాకపోతే తెలుగు గొంతునే అసలు గొంతుగా పెట్టమని నా సలహా. మెనూలను కూడా తెలుగులోకి మార్చాలా అంటే వాళ్లు ముందు ఎలా వాడేవాళ్లన్నదాన్ని బట్టి చూడండి. సెట్టింగ్స్ అనే మాట అలవాటైన మనిషికి కొత్త అనువాద పదాలు అదనపు బరువు.

వేగం మొదట తగ్గించండి. తర్వాత వారానికి కాస్త చొప్పున పెంచండి. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు వినే వేగం పక్కన కూర్చున్న మనకు ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అది గొప్ప కోసం కాదు, కంటితో పేజీని ఒక్క చూపులో చూసేసినంత పనిని వాళ్లు చెవితో చేస్తారు.

ఆరు సైగలు చాలు

సైగల జాబితా చాలా పెద్దది. అదంతా మొదటి రోజే చదివి వినిపిస్తే మనిషి భయపడిపోతాడు. మొదటి రెండు వారాలకు ఇవి సరిపోతాయి:

- వేలిని స్క్రీన్ మీద నెమ్మదిగా జరపడం. వేలి కింద ఏముంటే అది చదువుతుంది.
- ఒక వేలితో కుడికి విసరడం. తర్వాతి దానికి వెళుతుంది.
- ఎడమకు విసరడం. వెనకటి దానికి వస్తుంది.
- రెండుసార్లు తట్టడం. ఇప్పుడు చదివినది తెరుచుకుంటుంది.
- మాట ఆపాలంటే రెండు వేళ్లతో ఒకసారి తట్టడం.
- పేజీ జరగాలంటే ఆండ్రాయిడ్‌లో రెండు వేళ్లతో, ఐఫోన్‌లో మూడు వేళ్లతో లాగడం.

ఇందులో కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది రెండుసార్లు తట్టే దగ్గర. పేరు వినగానే వేలు తీస్తారు, మళ్లీ సరిగ్గా ఆ చోటే తట్టాలని ప్రయత్నిస్తారు, వేలు పక్కకు పడుతుంది, ఇంకేదో చదువుతుంది. నిజానికి ఆ చోటే తట్టాల్సిన పని లేదు. ఒకసారి చదివాక ఫోకస్ దాని మీదే నిలిచి ఉంటుంది. తర్వాత స్క్రీన్ మీద ఖాళీగా ఉన్న ఏ మూలన రెండుసార్లు తట్టినా అదే తెరుచుకుంటుంది. ఈ ఒక్క మాట అర్థమైన క్షణంలో మనిషి భుజాలు సడలడం స్పష్టంగా తెలుస్తుంది. అందుకే దీన్ని మొదటి పది నిమిషాల్లోనే చెప్పండి.

రెండో తడబాటు విసరడంలో. నెమ్మదిగా జరిపితే ఫోన్ దాన్ని వెతుకులాట అనుకుంటుంది. విసరడం చురుగ్గా, పొట్టిగా ఉండాలి. చేతులు వణికేవాళ్లకు ఇది కుదరకపోతే జరుపుతూ వెతికే పద్ధతిలోనే ఉండనివ్వండి, నష్టమేమీ లేదు.

వేలు పట్టుకుని లాగి చూపించకండి. వాళ్ల వేలు వాళ్లదే. మీరు నోటితో చెప్పండి, వాళ్లు చేయాలి. టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో ట్యుటోరియల్ ఉంది, సైగలు సాధన చేసే పేజీ కూడా ఉంది. ఐఫోన్‌లో నాలుగు వేళ్లతో రెండుసార్లు తడితే సాధన మొదలవుతుంది. అక్కడ ఏ సైగ చేసినా దాని పేరు, పని చెబుతుంది కానీ ఏదీ తెరుచుకోదు. పొరపాటున ఎవరికో ఫోన్ వెళ్లిపోతుందేమో అన్న భయం లేకుండా చేయి తిరుగుతుంది.

అంకెలు ఒక్కొక్కటిగా వినడం

దీన్ని విడిగా చెప్పడానికి కారణం, రోజూ అవసరమయ్యేది ఇదే. ఓటీపీ వస్తుంది. స్క్రీన్ రీడర్ ఆరు అంకెలనూ కలిపి ఒకే పెద్ద సంఖ్యగా చదివేస్తుంది, గుర్తుండదు. అప్పుడు ఆ మెసేజ్ మీద ఫోకస్ ఉంచి, చదివే తీరును అక్షరాలకు మార్చాలి. టాక్‌బ్యాక్‌లో మూడు వేళ్లతో పైకో కిందికో విసురుతూ పోతే "అక్షరాలు", "పదాలు", "లైన్లు" అని పలుకుతుంది. అక్షరాలు అని వినపడగానే ఆగి, ఒక వేలితో కిందికి విసిరితే ఒక్కో అంకె విడిగా చెబుతుంది. పైకి విసిరితే వెనకటి అంకె. ఐఫోన్‌లో ఇదే పనికి రోటర్ ఉంది. రెండు వేళ్లను స్క్రీన్ మీద ఆనించి మెల్లగా తిప్పితే ఎంపికలు మారతాయి, తర్వాత ఒక వేలితో పైకీ కిందికీ. పేర్ల స్పెల్లింగ్, ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు అన్నీ ఇలాగే వినాలి.

హోమ్ స్క్రీన్‌ను కదలకుండా చేయడం

ఒకే ఒక్క పేజీ ఉంచండి. మిగతా పేజీలన్నీ తీసేయండి. వేలికి అంచులు, మూలలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి రోజూ వాడేవి మూలల్లో, అడుగు వరుసలో పెట్టాలి. ఫోన్ ఎడమ అడుగు మూలన, మెసేజ్‌లు కుడి అడుగు మూలన, ఇలా ఆ మనిషినే అడిగి పెట్టండి. ఎక్కువగా మాట్లాడే ఇద్దరు ముగ్గురి నంబర్లకు నేరుగా డయల్ అయ్యే షార్ట్‌కట్‌లు ఆండ్రాయిడ్‌లో హోమ్ స్క్రీన్ మీదే పెట్టుకోవచ్చు. కవర్ మీద బటన్ల పక్కన ఉబ్బెత్తు స్టిక్కర్ ఒకటి అతికిస్తే పైవైపు ఏదో, కిందివైపు ఏదో చేతికి వెంటనే తెలుస్తుంది.

తర్వాత కదిలేవాటిని ఆపండి. విడ్జెట్లు, వార్తల పేజీ తీసేయండి. కొత్త యాప్ వేయగానే హోమ్ స్క్రీన్ మీదికి వచ్చి చేరే సెట్టింగ్ ఆఫ్ చేయండి. కొన్ని ఫోన్లలో హోమ్ స్క్రీన్ అమరికకు తాళం వేసే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయండి. స్క్రీన్ అడ్డంగా తిరగడం ఆపండి. ఆటల, అమ్మకాల యాప్‌ల నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. మనకు అవి స్క్రీన్ పైన మెరిసి పోతాయి, వాళ్లకు మాత్రం వింటున్న మాట మధ్యలో అడ్డొచ్చి పలుకుతాయి.

తాళానికి వేలిముద్ర అన్నిటికంటే సుఖం. పిన్ నొక్కాల్సి వస్తే అంకెలు పైకి వినపడకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. పక్కవాళ్లు స్క్రీన్ చూడకుండా దాన్ని పూర్తిగా నల్లగా చేసే సదుపాయం ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ ఉంది. ఐఫోన్‌లో మూడు వేళ్లతో మూడుసార్లు తట్టాలి, జూమ్ కూడా ఆన్‌లో ఉంటే నాలుగుసార్లు. టాక్‌బ్యాక్‌లో మూడు వేళ్లతో ఒకసారి తడితే వచ్చే మెనూలో స్క్రీన్ దాచే ఎంపిక ఉంటుంది. ఎవరైనా తన భుజం మీదుగా చూస్తున్నారో లేదో తెలియని మనిషికి ఇదెంత ధైర్యమో ఆలోచించండి.

కాల్స్, మెసేజ్‌లు, టైపింగ్

కాల్ వచ్చినప్పుడు ఎత్తే బటన్ వెతకక్కర్లేదు. రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ కలుస్తుంది, మళ్లీ అలాగే తడితే కట్ అవుతుంది. ఇటీవలి టాక్‌బ్యాక్‌లోనూ, వాయిస్‌ఓవర్‌లోనూ ఇదే సైగ.

కాంటాక్ట్ పేర్లు పొట్టిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా పెట్టండి. అప్పుడు వాయిస్ అసిస్టెంట్‌కు పేరు చెప్పి కాల్ చేయమన్నా తికమక ఉండదు.

టైపింగ్‌కు మూడు దారులు. మొదటిది కీబోర్డ్ మీద వేలు జరుపుతూ కావాల్సిన అక్షరం వినగానే వేలు ఎత్తడం. నిదానంగా సాగుతుంది, అయినా పాస్‌వర్డ్‌లకు తప్పదు. రెండోది మాటతో టైపింగ్. గూగుల్ కీబోర్డ్ అయిన జీబోర్డ్ తెలుగు మాటలను బాగానే రాస్తుంది, రోజువారీ మెసేజ్‌లకు ఇదే దారి. పంపే ముందు రాసినదాన్ని ఒకసారి వినే అలవాటు చేయించండి. మూడోది బ్రెయిలీ వచ్చినవాళ్లకు. ఫోన్‌ను అడ్డంగా, స్క్రీన్ బయటివైపుకు ఉండేలా పట్టుకుని, ఒక్కో చేతి మూడు వేళ్లతో ఆరు చుక్కలు నొక్కడం. వాయిస్‌ఓవర్‌లో ఇది 2014 నుంచి ఉంది, టాక్‌బ్యాక్‌లో 2020లో వచ్చింది. బ్రెయిలీ అలవాటున్న చేతికి దీన్ని మించిన వేగం లేదు.

ఇప్పుడు యాప్‌లు

కెమెరాతో చదివి చెప్పే యాప్‌లు చూపు లేనివాళ్ల రోజును నిజంగా మార్చాయి. మైక్రోసాఫ్ట్ చేసిన సీయింగ్ ఏఐ 2017లో ఐఫోన్‌కు, 2023 చివర్లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. గూగుల్ లుకౌట్ ఆండ్రాయిడ్‌కు ఉంది. ఈ రెండూ ఉచితం. పొట్టి రాతలకు ఒక మోడ్, పూర్తి పేజీకి ఒకటి, కరెన్సీకి ఒకటి అని విడివిడిగా ఉంటాయి. మొదట్లో ఒకే యాప్, అందులో రెండే మోడ్‌లు నేర్పండి: పొట్టి రాత, పేజీ.

ఏ యాప్ అయినా తెలుగు అచ్చును ఎంత బాగా చదువుతుందో ఒక పేజీ పెట్టి పరీక్షించాకే అప్పగించండి. ఇంగ్లిష్ చదివినంత శుభ్రంగా తెలుగును అన్నీ చదవవు.

కెమెరా గురి పెట్టడం నేర్పాల్సిన విద్య. కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు అంచులూ చేత్తో తడిమి మధ్య ఎక్కడో చూసుకోవాలి. ఫోన్‌ను పడుకోబెట్టినట్టుగా ఆ మధ్యలో కాగితం మీదే ఆనించాలి. రెండు మోచేతులూ బల్లకు ఆన్చి, ఫోన్‌ను వంగకుండా తిన్నగా పైకి లేపాలి. ఒక అడుగు ఎత్తు వచ్చేసరికి మామూలు పేజీ మొత్తం కెమెరాలో పడుతుంది. ఏ అంచు కనిపించడం లేదో యాప్ చెబుతూ ఉంటుంది, దాన్ని బట్టి కొద్దిగా జరపాలి. గదిలో లైటు వేయడం మరిచిపోకూడదు. తనకు లైటుతో పని లేకపోయినా కెమెరాకు ఉంది.

మనిషి సాయం కావాలనుకుంటే బీ మై ఐస్ ఉంది. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ యోర్గెన్ విబెర్గ్ అనే, తనకే చూపు తక్కువైన వ్యక్తి ఆలోచన ఇది. 2015లో మొదలైంది. బటన్ నొక్కితే ఎక్కడో ఉన్న ఒక వాలంటీర్ వీడియో కాల్‌లోకి వచ్చి, కెమెరా ముందున్నది ఏమిటో చెబుతారు. 2023 నుంచి ఇందులోనే ఫొటో తీసి అడిగితే ఏఐ వర్ణించే సదుపాయం కూడా వచ్చింది. చొక్కా రంగు, గడువు తేదీ, వాషింగ్ మెషీన్ బటన్లు, ఇలాంటివాటికి చక్కగా సరిపోతుంది. బ్యాంకు కార్డు, పాస్‌వర్డ్, సొంత పత్రాలు మాత్రం తెలియని మనిషి కెమెరాకు చూపించకూడదు.

ఏఐ చెప్పేది వినడానికి ఎంతో నమ్మకంగా ఉంటుంది, తప్పు చెప్పినప్పుడు కూడా అదే నమ్మకంతో చెబుతుంది. మందు పేరు, మోతాదు దాని మాట మీద నిర్ణయించుకోకండి. రోడ్డు దాటడానికి అసలే వాడొద్దు. నడక కోసం గూగుల్ మ్యాప్స్‌లో వివరంగా మాట చెప్పే సెట్టింగ్ ఉంది, దారి తెలుస్తుంది. కానీ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, ఆ కొన్ని మీటర్లలోనే గుంత ఉండొచ్చు. చేతిలో కర్ర ఉండాల్సిందే. రెండు చెవులూ ఇయర్‌ఫోన్లతో మూసుకోకూడదు.

కొంత చూపు ఉన్నవాళ్లకు

ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ వేరు. ఒకటి అక్షరాలను మాత్రమే పెంచుతుంది, రెండోది బటన్లను కూడా. రెండింటినీ చివరికంటా పెంచితే కొన్ని యాప్‌లలో బటన్లు స్క్రీన్ బయటికి పోతాయి, మధ్యస్థంగా ఉంచి చూడండి. బోల్డ్ అక్షరాలు, డార్క్ మోడ్, రంగుల తారుమారు ప్రయత్నించండి. స్క్రీన్‌ను పెద్దది చేసి చూడడానికి ఐఫోన్‌లో జూమ్ ఆన్ చేసుకుని మూడు వేళ్లతో రెండుసార్లు తట్టాలి. ఆండ్రాయిడ్‌లో మాగ్నిఫికేషన్ ఆన్ చేసి మూడుసార్లు తట్టే పద్ధతి ఎంచుకోవచ్చు. కావాల్సినప్పుడు మాత్రమే చదివించుకోవడానికి ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్, ఐఫోన్‌లో స్పీక్ స్క్రీన్ ఉన్నాయి. సగం కళ్లతో, సగం చెవులతో వాడేవాళ్లకు ఇవే చాలా ఇష్టం.

మొత్తం ఫోన్‌నే మార్చేసే లాంచర్లు ఎప్పుడు?

పైవన్నీ చేసినా కుదరని మనుషులు ఉంటారు. చేతులు వణికేవాళ్లు, మతిమరుపు మొదలైనవాళ్లు, కాల్స్ తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్లు. వాళ్లకు సరళమైన లాంచర్, అంటే హోమ్ స్క్రీన్ రూపాన్నే మార్చేసే యాప్, సరైనదే. శాంసంగ్ ఫోన్లలో ఈజీ మోడ్ ఉంది. పెద్ద బటన్ల బిగ్ లాంచర్ లాంటివి ప్లే స్టోర్‌లో ఉన్నాయి. ఐఓఎస్ 17తో 2023లో వచ్చిన అసిస్టివ్ యాక్సెస్ ముఖ్యంగా జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఇబ్బందులున్నవాళ్ల కోసం చేసినది, నాలుగైదు పెద్ద బటన్లే మిగులుస్తుంది. టచ్ స్క్రీనే వద్దనుకుంటే చెక్ కంపెనీ చేసే బ్లైండ్‌షెల్ క్లాసిక్‌లాంటి బటన్ల ఫోన్లు ఉన్నాయి. వాటిలో మెనూ మొత్తం మాట్లాడుతుంది.

అయితే ఒక హెచ్చరిక. ఇలాంటి యాప్‌ను నమ్ముకోవడమంటే దాన్ని చేసినవాళ్లు ఎప్పటికీ నడుపుతారని నమ్మడమే. మైక్రోసాఫ్ట్ సౌండ్‌స్కేప్ అనే నడక యాప్‌ను ఎందరో ఇష్టంగా వాడారు, 2023లో కంపెనీ దాన్ని ఆపేసింది. కోడ్‌ను అందరికీ ఇచ్చింది కాబట్టి వేరేవాళ్లు దాన్ని ముందుకు తీసుకెళ్లారు. అన్ని యాప్‌లకూ ఆ అదృష్టం ఉండదు. వేసే ముందు చూడండి: చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చింది, నెట్ లేకుండా పనిచేస్తుందా, తెలుగు పలుకుతుందా, టాక్‌బ్యాక్‌తో గొడవ పడుతుందా, బయటికి రావడం ఎలా. టాక్‌బ్యాక్ సైగలు నేర్చుకున్న మనిషి ఏ ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకున్నా వాడగలడు. లాంచర్ మాత్రమే నేర్చుకున్న మనిషి ఆ లాంచర్‌కే కట్టుబడి ఉండాలి.

పర్మిషన్ల దగ్గర జాగ్రత్త

ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ పర్మిషన్ పొందిన యాప్ స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. స్క్రీన్ రీడర్‌కు అది కావాలి. మోసగాళ్ల యాప్‌లకు కూడా సరిగ్గా అదే కావాలి. బ్యాంకు డబ్బు కాజేసే చాలా యాప్‌లు ఈ పర్మిషన్ మీదే పనిచేస్తాయి. స్టోర్ నుంచి కాకుండా మెసేజ్‌లో వచ్చిన ఫైల్‌ను ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయకూడదు. "అంధుల కోసం స్పెషల్ యాప్" అని పేరున్నా సరే. నెలకొకసారి యాక్సెసిబిలిటీ పేజీ తెరిచి, ఆన్‌లో ఉన్న సేవల పేర్లు ఆ మనిషికే వినిపించండి. తెలియని పేరు ఉంటే వెంటనే ఆఫ్ చేయాలి. ఫోన్ చేసి స్క్రీన్ షేర్ చేయమనేవాళ్లకు కుదరదని చెప్పి పెట్టేయడం కూడా సైగల్లాగే సాధన చేయించండి.

బటన్ పేరు పలకకపోతే, ఫోనే పలకకపోతే

కొన్ని యాప్‌లలో బటన్ మీదికి వెళితే పేరు లేని బటన్ అని మాత్రమే వినిపిస్తుంది. యాప్ చేసినవాళ్లు పేరు రాయలేదన్నమాట. టాక్‌బ్యాక్ మెనూలో లేబుల్ జోడించే ఎంపికతో చాలా బటన్లకు మనమే పేరు పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, రెండోసారి వేళ్లను అలాగే ఉంచాలి. ఆ యాప్‌వాళ్లకు ఫీడ్‌బ్యాక్‌లో రాయండి కూడా. ఏ పేజీలో, ఏ బటన్ అని వివరంగా రాస్తే సరిచేసేవాళ్లు ఉన్నారు.

ఇక ఫోన్ హఠాత్తుగా మూగబోతే ఏం చేయాలో ముందే నేర్పండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడే ఇది జరుగుతుంది. మొదట వేలితో స్క్రీన్ మీద జరుపుతూ, ఇంకో చేత్తో వాల్యూమ్ పెంచాలి. మాట వాల్యూమ్ చాలాసార్లు పాటల వాల్యూమ్ కంటే వేరుగా ఉంటుంది, మాట్లాడుతున్నప్పుడే పెరుగుతుంది. ఐఫోన్‌లో మూడు వేళ్లతో రెండుసార్లు తట్టాలి, పొరపాటున గొంతు మూసి ఉంటే తెరుచుకుంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు మాట వెళ్లిపోతోందేమో చూడాలి, అవి ఆఫ్ చేయాలి. తర్వాత రెండు వాల్యూమ్ బటన్లు మూడు సెకన్లు, ఐఫోన్ అయితే పక్క బటన్ మూడుసార్లు. అప్పటికీ పలకకపోతే రీస్టార్ట్. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు ఆన్ అయ్యేటప్పుడు వైబ్రేట్ అవుతాయి, అదే గుర్తు. దాని తర్వాత ఒక నిమిషం ఆగి, స్క్రీన్‌ను తాకి చూడాలి. రీస్టార్ట్ అయ్యాక మొదటిసారి తాళం వేలిముద్రతో రాదు, పిన్‌తోనే తీయాలి. ఈ వరుసను మీరు పక్కనుండగానే, కావాలనే గొంతు ఆపించి, వాళ్ల చేతే ఒకటికి రెండుసార్లు చేయించండి.